ఉద్ది, తొండి, మేత: ఉన్నతస్థాయి క్రీడాపోటీల్లో న్యాయభావన

వ్యాససంగ్రహం:

ఉన్నతస్థాయి క్రీడల్లో ఒకరికి దక్కే అనుచితమైన అనుకూలతను గురించిన చర్చ కొన్నేళ్లుగా ప్రపంచమంతటా సాగుతోంది. ఈ చర్చలో మూడు వేర్వేరు సమస్యలు తరచుగా కలగాపులగమవుతున్నాయి. ఎవరితో ఎవరు పోటీపడాలన్నది మొదటిది. పోటీలో నియమాన్ని ఎవరు తప్పారన్నది రెండవది. పోటీకి ముందే ఎవరికి ఎంత వసతి అందిందన్నది మూడవది. తెలుగు ఆటల పరిభాషలోని ఉద్ది, తొండి అనే మాటలు మొదటి రెండింటికి చక్కగా అమరుతాయి. బండలాగుడు పోటీల నేపథ్యంలోని మేత అనే మాట మూడవదానికి సరిపోతుంది. ఈ మూడింటి ఆధారంగా కరణం మల్లీశ్వరి, జ్యోతి యర్రాజి, దీప్తి జీవంజి, ద్యుతీ చంద్‌ల క్రీడాజీవితాల్లోని కొన్ని ఘట్టాలను పరిశీలించి, ఉద్దికి సంబంధించిన ప్రశ్నను తొండిగా భావించి తీర్పు చెప్పడమే న్యాయం పేరిట జరిగే పెద్ద అన్యాయమని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: క్రీడాన్యాయం, ఉద్ది, తొండి, మేత, బండలాగుడు, విభాగీకరణ, డోపింగ్, అర్హతానియమాలు.

1. ప్రవేశిక

పోటీ అంటేనే అసమానతను వెలికితీసే ప్రక్రియ. అందరూ అన్ని విధాలా సమానులైతే పరుగుపందెంలో విజేత ఉండడు. కాబట్టి క్రీడాన్యాయమంటే తేడాలన్నింటినీ చెరిపివేయడం కాదు. కొన్ని తేడాలను ప్రతిభగా గుర్తించి పతకం ఇస్తాం. కొన్ని తేడాలను చూసి విభాగాలు చేస్తాం. కొన్ని తేడాలను మోసంగా ఎంచి శిక్షిస్తాం. మరికొన్నింటిని చూసీ చూడనట్లు వదిలేస్తాం. ఏ తేడాను ఏ కోవలో చేర్చాలన్నదే అసలు సమస్య.

ఫిన్లాండ్‌కు చెందిన స్కీయింగ్ క్రీడాకారుడు ఈరో మంటిరాంటా 1964 ఇన్స్‌బ్రుక్ శీతకాల ఒలింపిక్స్‌లో రెండు వ్యక్తిగత స్వర్ణాలు గెలిచాడు. ఆయన రక్తంలో హిమోగ్లోబిన్ సాధారణ స్థాయికంటే చాలా ఎక్కువగా ఉండేది. దానికి కారణం కుటుంబంలో వంశపారంపర్యంగా వస్తున్న ఒక జన్యుమార్పు అని 1990లలో శాస్త్రజ్ఞులు తేల్చారు. అదే ఫలితాన్ని ఇంజెక్షన్ ద్వారా పొందితే నేడు నిషేధం తప్పదు. పుట్టుకతో వచ్చింది గనుక దానిని ప్రతిభలో భాగంగానే లోకం అంగీకరించింది. శరీరంలో కనిపించే ఫలితం ఒకటే అయినా న్యాయదృష్టిలో రెండూ ఒకటి కావు. ఈ భేదాన్ని స్పష్టంగా పట్టుకోవడానికి తగిన పరిభాష కావాలి. ఆ పరిభాష కోసం చాలా దూరం వెళ్లనవసరం లేదు.

2. ఆటల తెలుగులో మూడు మాటలు

2.1. ఉద్ది: జత, సాటి అనే అర్థాలున్న మాట ఇది. సమ ఉజ్జీ, సరి ఉజ్జీ అనే వాడుకల్లోని ఉజ్జీ దీనికి దగ్గరి రూపం. పల్లెల్లో పిల్లలు జట్లుగా విడిపోయే ముందు ఆటలో సరిసమానమైన ఇద్దరు ఒక ఉద్దిగా ఏర్పడేవారు. వారు పక్కకు వెళ్లి చెరొక మారుపేరు పెట్టుకుని నాయకుల ముందుకు వచ్చేవారు. ఏ పేరు ఎవరిదో తెలియని నాయకులు చెరొక పేరు కోరుకునేవారు. అలా సాటివారు ఇద్దరూ చెరొక జట్టులోకి చేరిపోయేవారు. ఈ పద్ధతిలో రెండు గమనించదగిన అంశాలున్నాయి. ఆట మొదలు కాకముందే సాటిని నిర్ణయిస్తారు. ఉద్ది కుదరనివాడిని ఎవరూ దోషిగా చూడరు. వాడికి మరో జతను వెదుకుతారు, లేదా రెండు పక్షాలకూ ఆడనిస్తారు.

2.2. తొండి: ఆట మొదలయ్యాక ఒప్పుకున్న నియమాన్ని తప్పడం తొండి. తొండికి కర్త ఉంటాడు, చేత ఉంటుంది, నింద ఉంటుంది. తొండి చేసినవాడు అవుటవుతాడు, లేదా ఆట నుంచి వెళ్లిపోవలసి వస్తుంది. ఉద్ది స్థితిని తెలిపే మాట. తొండి చర్యను తెలిపే మాట.

2.3. మేత: బద్వేలు, పోరుమామిళ్ల, మైదుకూరు పరిసరాలతో సహా రాయలసీమ పల్లెల్లో తిరునాళ్ల సందర్భంగా జరిగే బండలాగుడు పోటీల్లో ఈ మూడవ అంశం కనిపిస్తుంది. ఈ పోటీల్లో ఎడ్ల జతలను పళ్లను బట్టి విభజిస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అనే విభాగాలు అందరికీ తెలిసినవే. పన్ను వయసుకు గుర్తు. వయసు బలానికి గుర్తు. నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగాయో అడుగుల్లో కొలిచి విజేతను ప్రకటిస్తారు. అంటే ఇక్కడ ఉద్దిని పళ్లు నిర్ణయిస్తాయి, తొండిని నిర్వాహకులు కనిపెడతారు. అయితే ఒక జత ఏడాది పొడవునా ఉలవలు తిని, పోషణ కోసమే పెట్టిన మనిషి చేతిలో పెరిగి వచ్చి ఉండవచ్చు. మరో జత పొలం పని చేసి, దొరికిన మేత మేసి వచ్చి ఉండవచ్చు. పళ్లను లెక్కపెట్టే పోటీ మేతను లెక్కపెట్టదు.

ఈ మూడింటినీ వేరుచేసి చూడటం ఎందుకు అవసరమో ఉన్నతస్థాయి క్రీడలు స్పష్టం చేస్తాయి.

3. భారతకథలో సాటి, అర్హత, అధర్మం

తెలుగు పాఠకుడికి చిరపరిచితమైన భారతంలో ఈ మూడు సమస్యలకూ ఒక్కొక్క ఘట్టం ఉంది. ఆదిపర్వంలోని కుమారాస్త్రవిద్యాప్రదర్శనలో అర్జునుడితో తలపడటానికి వచ్చిన కర్ణుడిని కృపాచార్యుడు కులగోత్రాలు అడుగుతాడు. కర్ణుడి విలువిద్యలో దోషం లేదు. అతడు నియమమేదీ తప్పలేదు. అర్జునుడికి అతడు సాటి అవునా కాదా అన్నదే అక్కడి ప్రశ్న. కానీ దానికి వాడిన కొలత విద్య కాదు, పుట్టుక. కొలత తప్పినప్పుడు ఉద్ది ఎలా అవమానంగా మారుతుందో చూపే ఘట్టమిది.

గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టరాదన్న నియమం ఇద్దరికీ తెలుసు. భీముడు దుర్యోధనుడి తొడలు విరగగొట్టినప్పుడు బలరాముడు ఆగ్రహించాడు. అది తొండి గురించిన వివాదం. ఏకలవ్యుడి కథ మూడవ కోవకు చెందుతుంది. గురువు, వసతి, రాజాశ్రయం అందనివాడు స్వయంకృషితో పైకి వచ్చాడు. అప్పటికే అన్నీ ఉన్నవాడి ఆధిక్యాన్ని కాపాడటానికి ఏకలవ్యుడి బొటనవేలు తీసుకున్నారు. మేతలోని అసమానతను సరిచేయకపోగా, దానిని శాశ్వతం చేసిన ఉదంతమిది.

ఈ కథలకు ఆధునిక క్రీడానియమాలతో నేరుగా సంబంధం లేదు. కానీ అర్హత, అతిక్రమణ, అవకాశం అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలన్న స్పృహ తెలుగు సాహిత్య పరంపరకు కొత్తది కాదని ఇవి తెలుపుతాయి.

4. ఉద్ది: విభాగాల తర్కం

4.1. బరువు: శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం సాధించింది. ఒలింపిక్స్‌లో పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. మొదటి ఇద్దరూ 242.5 కిలోలతో సమానంగా నిలిచారు. వారిలో శరీర బరువు తక్కువగా ఉన్న చైనా క్రీడాకారిణి లిన్ వీనింగ్‌కు స్వర్ణం దక్కింది. బరువైన శరీరం ఎక్కువ ఎత్తగలదన్న తెలివిడి నుంచే విభాగం పుట్టింది. ఆ తెలివిడినే సమాన ఫలితాన్ని విడదీయడానికీ వాడారు. ఇక్కడ బరువు ఎక్కువ ఉండటం తప్పు కాదు. అది కేవలం సాటిని నిర్ణయించే కొలత.

4.2. వైకల్యం: వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవంజి 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో మహిళల 400 మీటర్ల టి-20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. టి-20 మేధాపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం. శరీరం పరుగెత్తగలిగినా, వేగాన్ని పంచుకోవడం, ప్రత్యర్థిని గమనిస్తూ నిర్ణయం తీసుకోవడం వంటివాటిలో ఈ వైకల్యం ప్రభావం చూపుతుందన్న అవగాహనపై ఆ విభాగం నిలిచింది.

ఈ విభాగానికి ఒక చేదు చరిత్ర ఉంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధావైకల్య బాస్కెట్‌బాల్‌లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులోని 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదని తరువాత బయటపడింది. ఫలితంగా మేధావైకల్య విభాగాలనే పారాలింపిక్స్ నుంచి తొలగించారు. అవి తిరిగి రావడానికి 2012 లండన్ వరకు పట్టింది. దొంగ ఉద్దితో కొందరు తొండి చేశారు. శిక్ష మాత్రం నిజమైన అర్హత ఉన్న ఒక తరం క్రీడాకారులందరికీ పడింది. ఉద్దిని నిర్ణయించే కొలత ఎంత జాగ్రత్తగా ఉండాలో ఈ ఉదంతం చెబుతుంది.

4.3. గాలి: దోషం లేని అనుకూలతను ఎలా పరిగణించాలన్న ప్రశ్నకు అథ్లెటిక్స్‌లోని గాలి నియమం మంచి సమాధానం. 100, 200 మీటర్ల పరుగుల్లో, 100, 110 మీటర్ల హర్డిల్స్‌లో వెనుక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు మించితే ఆ సమయాన్ని రికార్డుగా గుర్తించరు. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజికి ఈ నియమం బాగా అనుభవమే. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో పూర్తిచేసింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిశ్వాల్ నెలకొల్పిన 13.38. కానీ ఆ రోజు గాలి వేగం 2.1 మీటర్లు. దశాంశం ఒక్కటే తేడా. రికార్డు దక్కలేదు. మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లు పరుగెత్తి ఆమె రికార్డును తన పేరిట రాసుకుంది. అక్టోబరులో గాంధీనగర్ జాతీయ క్రీడల్లో 12.79 సెకన్ల పరుగుకు కూడా గాలి అడ్డుపడింది. కొద్ది రోజుల్లోనే బెంగళూరులో నియమబద్ధమైన గాలిలో 12.82 నమోదు చేసి, 13 సెకన్ల లోపు వచ్చిన తొలి భారతీయ మహిళగా నిలిచింది.

ఈ నియమంలో గమనించవలసింది దాని మర్యాద. గాలి సాయం పొందిన క్రీడాకారిణిని ఎవరూ దోషి అనరు. గాలి అందరి వెనుకా వీచింది గనుక ఆ పందెంలో ఆమె గెలుపు నిలుస్తుంది. వేరే రోజు, వేరే మైదానంలో పరుగెత్తినవారితో పోల్చవలసి వచ్చినప్పుడు మాత్రమే ఆ సమయాన్ని పక్కన పెడతారు. అనుకూలతను గుర్తించారు, దాని ప్రభావం ఉన్నంత మేరకే పరిమితం చేశారు, మనిషిని తాకలేదు. దోషం లేని అనుకూలతకు ఇంతకంటే న్యాయమైన పరిష్కారం అరుదు.

5. తొండి: అతిక్రమణ, నిరూపణ

5.1. ప్రారంభరేఖ దగ్గర: 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల 100 మీటర్ల హర్డిల్స్ తుదిపోరులో తుపాకీ మోగకముందే చైనాకు చెందిన వూ యన్నీ కదిలింది. పక్క వరుసలోని జ్యోతి ఆ కదలికకు స్పందించింది. అధికారులు మొదట ఇద్దరినీ అనర్హులన్నారు. జ్యోతి అక్కడే నిలబడి అభ్యంతరం తెలిపింది. దృశ్యాలను మళ్లీ చూసిన తరువాత, తుది నిర్ణయాన్ని వాయిదావేసి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి 12.91 సెకన్లతో మూడవదిగా వచ్చింది. ఆ తరువాత వూ యన్నీపై అనర్హత వేటు పడటంతో జ్యోతికి రజతం దక్కింది.

తొండి విషయంలో న్యాయం ఎలా నడవాలో ఈ సంఘటన చూపుతుంది. నియమం ముందే ఉంది. ఒక్క తప్పుడు ప్రారంభానికే అనర్హత అన్నది 2010 నుంచి అమలులో ఉన్నదే. ఎవరు ముందు కదిలారన్నదానికి సాక్ష్యం ఉంది. అభ్యంతరం చెప్పే హక్కు ఉంది. ఆ హక్కు లేకుంటే నిరపరాధి కూడా దోషితో పాటు మైదానం వీడవలసి వచ్చేది.

5.2. డోపింగ్: ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా ఒక పదార్థాన్ని నిషేధ జాబితాలో చేర్చడానికి మూడు ప్రమాణాలను చూస్తుంది. అది సామర్థ్యాన్ని పెంచడం, ఆరోగ్యానికి హాని చేయడం, క్రీడాస్ఫూర్తికి విరుద్ధం కావడం అనే మూడింటిలో రెండు ఉంటే చాలు. నమూనాలో నిషిద్ధ పదార్థం దొరికితే అది శరీరంలోకి ఎలా వచ్చినా బాధ్యత క్రీడాకారుడిదే. ఉద్దేశం లేదని నిరూపించుకుంటే శిక్ష తగ్గవచ్చు. ఈ నియమం కఠినమైనదే. అయితే నోటిలోకి వెళ్లేదానిపై క్రీడాకారుడికి కొంత అదుపు ఉంటుందన్న భావన దీనికి ఆధారం. చికిత్సకు నిజంగా అవసరమైన మందులకు ముందస్తు అనుమతి పొందే వీలు కూడా ఉంది.

మల్లీశ్వరి పతకం గెలిచిన సిడ్నీలోనే వెయిట్‌లిఫ్టింగ్ మహిళల 48 కిలోల విభాగంలో మొదటి స్థానం పొందిన బల్గేరియా క్రీడాకారిణి నమూనాలో ఫ్యూరోసిమైడ్ దొరకడంతో స్వర్ణాన్ని వెనక్కి తీసుకున్నారు. అది మూత్రవిసర్జనను పెంచే మందు. ఇలాంటి మందులు ఇతర పదార్థాల జాడలను పలుచన చేయగలవు, శరీర బరువును త్వరగా దించగలవు. అందుకే అవి నిషేధ జాబితాలో ఉన్నాయి. ఉద్దిని కాపాడటానికి పెట్టిన బరువు విభాగాన్నే దెబ్బతీసే తొండి ఇది.

భారతదేశానికి ఈ సమస్య దూరపుది కాదు. 2022లో భారత సంస్థ నాడా పరీక్షించిన 3,865 నమూనాల్లో 125 నిషిద్ధ పదార్థాలకు సంబంధించి దొరికాయి. అంటే 3.2 శాతం. అధిక సంఖ్యలో పరీక్షలు జరిపే దేశాల్లో ఇది చాలా హెచ్చు. దీనికి మరో ముఖం కూడా ఉంది. 2020 జనవరిలో మూడబిదిరెలో జరిగిన అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03 సెకన్లు పరుగెత్తింది. అక్కడ నాడా పరీక్ష జరగకపోవడం, జాతీయ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేకపోవడం వల్ల ఆ సమయం రికార్డుగా నమోదు కాలేదు. పరీక్ష జరపవలసినవారు జరపలేదు. నష్టం మాత్రం పరుగెత్తిన అమ్మాయిది. తొండిని పట్టే యంత్రాంగం అందరికీ, అన్నిచోట్లా అందుబాటులో ఉండటం కూడా న్యాయంలో భాగమే.

6. ఉద్దిని తొండిగా చూసినప్పుడు

6.1. ద్యుతీ చంద్ వ్యాజ్యం: ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లాకు చెందిన చేనేత కుటుంబంలో పుట్టిన ద్యుతీ చంద్‌ను 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి చివరి రోజుల్లో తప్పించారు. ఆమె శరీరంలో సహజంగా ఉత్పత్తయ్యే టెస్టోస్టిరాన్ నిర్ణీత పరిమితిని మించిందన్నది కారణం. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 2011లో తెచ్చిన నియమం ప్రకారం ఆ పరిమితి లీటరుకు 10 నానోమోల్. ఆమె ఏ మందూ వాడలేదు. ఎవరినీ మోసగించలేదు. అయినా వార్తల్లో ఆమె పేరు డోపింగ్ వార్తల పక్కనే చేరింది. 18 ఏళ్ల అమ్మాయి శరీరం గురించి దేశమంతా చర్చించింది.

ఆమె స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఆ కష్టకాలంలో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో వసతి పొంది, నాగపురి రమేశ్ వద్ద శిక్షణ సాగించింది. 2015 జులైలో న్యాయస్థానం ఆ నియమాన్ని రెండేళ్లపాటు నిలిపివేసింది. మహిళల విభాగం ఉండకూడదని గానీ, టెస్టోస్టిరాన్‌కు ప్రభావం లేదని గానీ ఆ తీర్పు అనలేదు. ఉన్నతస్థాయిలో పురుషుల, స్త్రీల ఫలితాల మధ్య తేడా 10 నుంచి 12 శాతం ఉంటుంది. సహజంగా హార్మోను హెచ్చుగా ఉన్న స్త్రీలకు దానితో పోల్చదగిన అనుకూలత ఉందని నియమకర్తలు నిరూపించలేదన్నదే తీర్పు సారం. నిరూపణ భారాన్ని నియమం పెట్టినవారిపై మోపడం ఆ తీర్పులోని కీలకాంశం. ద్యుతీ 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరుగెత్తింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లలో రజతాలు గెలిచింది.

6.2. తరువాతి పరిణామాలు: 2018లో సమాఖ్య కొత్త నియమాలు తెచ్చింది. అవి 400 మీటర్ల నుంచి మైలు వరకున్న పరుగులకే పరిమితం. వాటికి ఆధారంగా చూపిన 2017 నాటి పరిశోధనలో టెస్టోస్టిరాన్‌తో సంబంధం కనిపించిన ఐదు అంశాల్లో హ్యామర్ త్రో, పోల్‌వాల్ట్ కూడా ఉన్నాయి. నియమం వాటిని వదిలేసింది. సంబంధం కనిపించని 1500 మీటర్లను కలుపుకుంది. ఆ పరిశోధన ఫలితాలను కార్యకారణ సంబంధానికి నిరూపణగా తీసుకోరాదని దాని రచయితలే 2021లో సవరణ ప్రచురించారు. దక్షిణాఫ్రికాకు చెందిన కాస్టర్ సెమెన్యా వ్యాజ్యంలో 2019 మే 1న వచ్చిన మెజారిటీ తీర్పు ఈ నియమాలు వివక్షాపూరితమేనంటూ, మహిళల విభాగాన్ని కాపాడటానికి అవి అవసరమని సమర్థించింది. 2023లో పరిమితిని లీటరుకు 2.5 నానోమోల్‌కు తగ్గించి అన్ని అంశాలకూ విస్తరించారు. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచస్థాయి మహిళల పోటీల్లో పాల్గొనేవారికి ఒక జన్యుపరీక్ష తప్పనిసరి అయింది. అదే ఏడాది జులైలో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం సెమెన్యా వాదనను స్విట్జర్లాండ్ న్యాయస్థానం తగినంత లోతుగా విచారించలేదని తీర్పు చెప్పింది.

ఈ వివాదంలో రెండో పక్షం వాదననూ తేలిగ్గా తీసుకోరాదు. మహిళల విభాగం లేకపోతే ప్రపంచ పతకాల వేదికపై స్త్రీలు దాదాపు కనిపించరు. ఆ విభాగానికి ఒక హద్దు ఉండాలని కోరే క్రీడాకారిణులు తమ న్యాయమైన హక్కునే అడుగుతున్నారు. హద్దు ఎక్కడన్నది ఉద్దికి సంబంధించిన నిజమైన ప్రశ్న. దానికి సులభమైన జవాబు లేదు. కానీ హద్దుకు అవతల పడిన అమ్మాయి తొండి చేసినది కాదు. ఆమెను అనుమానితురాలిగా పిలిపించి, ఆమె శరీర వివరాలను బయటపెట్టి, గెలుచుకున్నదాన్ని లాక్కోవడం ఉద్ది నిర్ణయించే పద్ధతి కాదు. తమిళనాడుకు చెందిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల 800 మీటర్లలో గెలిచిన రజతాన్ని లింగనిర్ధారణ పరీక్ష పేరిట ఇలాగే కోల్పోయింది.

బండలాగుడు పోలిక ఇక్కడ ఆగిపోతుంది. ఎద్దు నోరు తెరిచి పదిమంది ముందు పళ్లు చూడవచ్చు. మనిషి విషయంలో కొలత ఎంత అవసరమో, కొలిచే తీరులోని మర్యాద కూడా అంతే అవసరం.

6.3. ఒకే క్రీడాకారిణి, రెండు ప్రశ్నలు: 2022 డిసెంబరులో పోటీలు లేని సమయంలో సేకరించిన ద్యుతీ నమూనాల్లో కండర వృద్ధికి సంబంధించిన సార్మ్స్ తరగతి నిషిద్ధ పదార్థాలు దొరికాయి. తాను ఉద్దేశపూర్వకంగా వాడలేదని ఆమె వాదించింది. 2023లో క్రమశిక్షణ సంఘం ఆమెపై నాలుగేళ్ల నిషేధం విధించింది. ఈ వార్త వెలువడ్డాక 2014 నాటి వివాదాన్ని దీనితో ముడిపెట్టి మాట్లాడినవారున్నారు. రెండింటికీ సంబంధం లేదు. 2014లో ప్రశ్న ఆమె పుట్టుకది, 2022లో ప్రశ్న ఆమె శరీరంలో దొరికిన పదార్థానిది. మొదటిదానిలో నిరూపణ భారం సమాఖ్యది, రెండవదానిలో ఆమెది. రెండవదానిలో ఓడినంత మాత్రాన మొదటిదానిలోని ఆమె న్యాయం చెల్లకుండా పోదు. మొదటిదానిలో గెలిచినంత మాత్రాన రెండవదాని నుంచి ఆమెకు రక్షణ లేదు. ఉద్దిని, తొండిని వేరుచేసి చూడవలసిన అవసరానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఉండదు.

7. మేత: నియమం తాకని అసమానత

పరికరాల విషయంలో మేతకు కొంత హద్దు పెట్టే ప్రయత్నాలు జరిగాయి. 2009 రోమ్ ప్రపంచ ఈతపోటీల్లో పాలీయురేథేన్ దుస్తుల సాయంతో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. 2010 జనవరి 1 నుంచి ఆ దుస్తులను నిషేధించారు. అడుగున కార్బన్ పలక పెట్టిన బూట్లు దూరపరుగుల సమయాలను మార్చివేయడంతో 2020 జనవరిలో రోడ్డు పరుగుల బూట్ల అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించరాదని, ఒక్క పలకే ఉండాలని నియమించారు. కొనగలిగినవారికే దొరికే వేగం పందెం అర్థాన్ని మార్చేస్తుందన్న గుర్తింపు ఈ రెండింటిలోనూ ఉంది.

అయితే బూట్లకు హద్దు పెట్టినంత సులభంగా మైదానానికి, ఆహారానికి, శిక్షకుడికి హద్దు పెట్టలేం. విశాఖలో ఒక కాపలాదారు ఇంట పుట్టిన జ్యోతి ప్రతిభ హైదరాబాదు, గుంటూరు శిక్షణ కేంద్రాల మీదుగా భువనేశ్వర్‌లోని ఆధునిక శిక్షణ కేంద్రానికి చేరాక ప్రపంచస్థాయికి ఎదిగింది. ప్రతిభ మారలేదు, మేత మారింది. కడపలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. క్రీడాపాఠశాల వంటి సంస్థలు చిన్న వయసులోనే పిల్లలను ఎంపిక చేసి వసతి, ఆహారం, శిక్షణ కల్పించడానికి ఏర్పడినవే. వాటి విలువను అవి సాధించిన పతకాలతోనే తూచడం చాలదు. బద్వేలు వంటి మెట్టప్రాంత పట్టణంలోని పిల్లవాడికి, మహానగరంలోని పిల్లవాడికి మధ్య మేత తేడాను అవి ఎంత తగ్గించాయన్నది కూడా చూడాలి.

మేత కొరవడినచోట తొండికి ఆకర్షణ పెరుగుతుంది. కొద్ది సీట్లు, కొద్ది ఉద్యోగాలు, చాలామంది ఆశావహులు ఉన్నప్పుడు వయసు తగ్గించి చూపడం ఒక దారిగా కనిపిస్తుంది. వయోవిభాగపు పోటీల్లో ఎముకల ఎక్స్‌రే ద్వారా వయసును అంచనా వేసే పద్ధతిని భారత క్రికెట్ మండలి వాడుతున్నది అందుకే. అది పళ్లు చూసే పద్ధతికి వైద్యరూపం. ఎముక పరిపక్వత అందరిలో ఒకేలా ఉండదు గనుక ఆ కొలతలోనూ పొరపాటుకు తావుంది. త్వరగా ఎదిగిన పిల్లవాడిని వయసు దాచిన పిల్లవాడిగా ముద్రవేస్తే ఉద్దిని తొండిగా చూసే తప్పే మళ్లీ జరుగుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి:

1. ఉద్ది, తొండి, మేత అనేవి మూడు వేర్వేరు న్యాయసమస్యలు. ఒకదానికి తగిన పరిష్కారం మరొకదానికి తగదు.

2. ఉద్దిని నిర్ణయించే కొలత పోటీకి ముందే ప్రకటించినదై, ఆ క్రీడలోని ఫలితంతో నిరూపితమైన సంబంధం కలిగినదై ఉండాలి. నిరూపణ భారం నియమం పెట్టేవారిదే. కొలత పూర్తయ్యేవరకు, ఆ తరువాత కూడా క్రీడాకారుల గోప్యతను కాపాడాలి. సాటి కుదరనివారికి నింద అంటరాదు.

3. తొండి విషయంలో కఠిన నియమం సమంజసమే. అయితే సాక్ష్యం, అభ్యంతరం చెప్పే హక్కు, అందరికీ సమానంగా జరిగే పరీక్షలు అందుకు తోడుండాలి.

4. మేతలోని తేడాను పోటీ నియమాలు సరిచేయలేవు. అది ప్రభుత్వాలు, విద్యాసంస్థలు, క్రీడాసమాఖ్యలు పోటీకి చాలా ముందే తీర్చవలసిన బాకీ.

5. గాలి నియమంలో కనిపించే నిగ్రహం అర్హతానియమాలకు ఆదర్శం కావాలి. గాలి తోడున్న పరుగును రికార్డుగా రాయరు. కానీ పరుగెత్తిన మనిషిని ప్రశ్నించరు.

అనుకూలత ఉందని చెప్పడం ఒకటి, అపరాధం జరిగిందని చెప్పడం మరొకటి. ఈ రెండింటి మధ్య ఉన్న గీత చెరిగిపోయినప్పుడు నష్టపోయేది పతకం మాత్రమే కాదు, ఒక మనిషి పేరు కూడా. ఆటకు ముందు ఉద్దులు కట్టి, ఆటలో తొండిని మాత్రమే నిందించిన పల్లె పిల్లల వివేకం అంతర్జాతీయ నియమావళులకు ఇంకా అందవలసే ఉంది.